వేడి మీద చూసిన గాలి

మండుటెండలో ఆగిన లారీ పక్కనుంచి వెళుతుంటే కాగిన రబ్బరు వాసన తగులుతుంది. మామిడికాయల రోజుల్లో ఆ వాసన వస్తే నా అడుగు ఇప్పటికీ నెమ్మదిస్తుంది. సుబ్బారాయుడు గారు గుర్తొస్తారు. పత్రికలో చేరకముందు, అరవైల తొలినాళ్లలో, విస్సన్నపేట వైపు తోటలు కౌలుకు పట్టిన షావుకారు దగ్గర నేను గుమాస్తాను. ఆయన ఆ షావుకారు లారీ డ్రైవరు. లారీకి పొడవాటి ట్రైలర్ తగిలించి, రెండిటి నిండా కాయ వేసుకుని హనుమాన్ జంక్షన్ దగ్గరి స్టేషనుకు తోలేవారు.

పొద్దున్నే, బండి కదలకముందే, ప్రతి టైరు దగ్గరా గొంతుక్కూర్చుని గేజి పెట్టి గాలి చూసేవారు. లారీ ముందు టైర్లకు ఒక లెక్క. ట్రైలర్ భారం కూడా పడే వెనక టైర్లకు ఇంకాస్త ఎక్కువ. ట్రైలర్‌కు ఆ రోజు వేసిన కాయను బట్టి. మరీ బిగిస్తే కంకర రోడ్డు మీద ట్రైలర్ ఎగిరి కాయ నలుగుతుంది, వదులైతే టైరు కాగిపోతుంది. "అన్నిటికీ ఒకేలా కొట్టేస్తే పోదా?" అన్నాను ఒకసారి.

"మీ ఇంట్లో చంటిదానికీ, అరక దున్నేవాడికీ ఒకటే ముద్ద పెడతారా, గుమాస్తా గారూ?" అని నవ్వారు.

ఒక మధ్యాహ్నం నూజివీడులో ఆగాం. ఆయన భోజనానికి వెళ్లారు. నేను ఉత్సాహం కొద్దీ గేజి తీశాను. పొద్దున ట్రైలర్ టైర్లకు ఆయన డెబ్బై పెట్టడం చూశాను. ఇప్పుడు ఎనభై దాటింది. పొరపాటు పడ్డారనుకుని అన్నిటిలోనూ డెబ్బైకి దించాను. స్టేషనుకు చేరాక చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను.

కొన్ని మైళ్లు వెళ్లామో లేదో, ట్రైలర్ టైరు పేలింది. బండి వాలి, బుట్టలు పక్క కాలవలోకి దొర్లాయి. ఆయన మిగతా టైర్ల మీద అరచెయ్యి ఆనించి, గేజి పెట్టి, నా వైపు చూశారు.

"ఎవరన్నా గాలి తీశారా బాబూ?"

"లేదండీ."

"టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిందే లెక్క. ఎండకీ పరుగుకీ గాలి పెరుగుద్ది. అది చూసి తీసేశామంటే టైరుకి తక్కువ పెట్టినట్టే." ఇంకేమీ అడగలేదు.

కాయ ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయాక షావుకారు అక్కడికి వచ్చాడు. "ఏంటయ్యా, ఇన్నేళ్లూ లారీ తోలావా, ఎద్దుబండి తోలావా?"

"పొద్దున నేనే తక్కువ పెట్టానండీ," అన్నారాయన.

నేను పక్కనే ఉన్నాను. మర్నాటి నుంచి లారీకి వేరే డ్రైవరు.

ఆయన ఊరు ముసునూరు. సైకిలు మీద వెళ్లగలిగినంత దూరం. వెళ్లడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అప్పటికి ఆయన పోయి మూడు నెలలు. ఆయన భార్యతో, "ఆ రోజు గాలి తీసింది నేనండీ," అన్నాను.

"తెలుసు బాబూ," అందావిడ మంచినీళ్లందిస్తూ. "కోపమేం లేదాయనకి. వీధిలో సైకిలు బెల్లు మోగితే మాత్రం లేచెళ్లి చూసొచ్చేవారు. కుర్రాడు వస్తాడే, అనేవారు."

తర్వాత పత్రికలో నా వార్తలో తప్పు దొర్లిందని తెలిస్తే మర్నాడే సవరణ వేయించేవాణ్ణి. చిన్న తప్పులకు కూడా ఎందుకయ్యా అని సంపాదకుడు విసుక్కునేవారు. నాకు మాత్రం ఎక్కడో ఎవరో వాకిట్లోకి లేచి వచ్చి, వీధి కేసి చూస్తున్నట్టే ఉండేది.