మునిరత్నం మీదికి నెట్టిన తేడా

చాలా ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఇక ఓపిక లేదు. ఇంట్లో చెప్పలేదు, చెప్పాల్సిన మనిషికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో అనగలుగుతున్నానేమో.

చిత్తూరులో భూముల కొలతల పని చేసే చిన్న కంపెనీ మాది. మునిరత్నం నా ఈడువాడే. పొలాలకు వెళ్లి, స్థానం ముందే కచ్చితంగా తెలిసిన ఆధారం రాయి ఊరికొకటి ఉంటే, దాని మీద జీపీఎస్ మిషన్ నిలబెట్టి, అక్కణ్ణించి కొలతలన్నీ తెచ్చేవాడు. వాటిని పాత పటాల లెక్కలోకి మార్చడం నా పని. ఆ సాఫ్ట్‌వేర్‌ను, దానికి కావలసిన ఫైళ్లను కలిపి కంటైనర్ అనే ఒకే మూటగా కట్టుకున్నాను, ఏ కంప్యూటర్‌లో విప్పినా ఒకే తీరుగా నడవాలని. మా ఆఫీసు నెట్‌లో అది దిగేసరికి ప్రాణం విసిగేది. ఒకరోజు చిరాకెత్తి, మూట తేలికవుతుందని, పనికిరావనుకున్న ఫైళ్లు కొన్ని పీకేశాను. లెక్క సరిగ్గా మార్చే సవరణలు వాటిలోనే ఉన్నాయి. అవి లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోవాలి కదా? ఆగలేదు. సుమారు లెక్కతో కానిచ్చేసింది, నోరు మెదపలేదు.

ఐరాల వైపు ఒక ఊరి పటం అలా తయారైంది. ఊరంతా ఒకే పక్కకు జరిగింది కాబట్టి లోపల ఏ తేడా కనబడలేదు. పక్క ఊరి పటం అంతకుముందే సరిగ్గా తీసి ఉంది. రెండూ కలిపి చూస్తే, పొలిమేరలోని ఒక రైతు బోరు అవతలి వాళ్ల మామిడితోపులో పడింది. ఆయన ఆఫీసుకు వచ్చి ఏడ్చాడు. ఆధారం రాయి తప్పితేనే ఊరంతా జరుగుతుందని మా యజమాని మునిరత్నాన్ని కడిగేశాడు.

మునిరత్నం నా దగ్గరికి వచ్చాడు.

"నేను మిషన్ సరైన రాయి మీదనే పెట్టినానప్పా. నీ కంప్యూటర్లో యాడన్నా తేడా ఉండాదేమో ఒక తూరి సూడు."

"సూసినా మునీ. ఈడేం లేదు."

అప్పటికే, ఫైళ్లు పీకకముందటి పాత మూటతో మళ్లీ నడిపి చూశాను. బోరు రైతు పొలంలోకే వచ్చింది. అంతా తెలిసే ఆ మాట అన్నాను. సరైన పటం తీసుకుపోయి, మునిరత్నం కొలతలు నేనే దిద్దానని యజమానికి చెప్పాను. భయమా? భయమైతే ఊరుకుంటే సరిపోయేది, అందరి ముందూ మెప్పు కూడా తీసుకోవాలని నాకెందుకనిపించిందో ఎన్నిసార్లు తవ్వుకున్నా, నేను అలాంటివాణ్ణే అన్న జవాబు తప్ప ఇంకోటి దొరకదు.

తానే రాయి తప్పానని మునిరత్నం నమ్మేశాడు. రైతు ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాడట. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయి కొలతల పని మానేశాడు. కార్వేటినగరంలో మామగారి ఎరువుల అంగట్లో కూర్చున్నాడు.

మొన్న వాళ్ల పాపకు చెవులు కుట్టిస్తూ పిలిస్తే వెళ్లాను. నన్ను వాళ్ల నాయన ముందు నిలబెట్టి, "ఆ రోజు నా తప్పు దిద్ది నన్ను కాపాడింది ఈయనే" అని చెప్పాడు. పెద్దాయన నాకు చేతులెత్తి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. విస్తరి ముందు కూర్చుని అన్నం కూడా తిన్నాను.

మునిరత్నం ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక కాస్త ఊపిరాడుతోంది. వాడికి మాత్రం ఇంకా తెలియదు.