బండెక్కకుండా సముద్రం దాకా

భీమవరంలో కాలేజీ గ్రౌండు చుట్టూ పొద్దున్నే నడిచే ఆడవాళ్ళం ఓ పది మంది ఉన్నాం. అందరివీ చేపల చెరువులో, మేత దుకాణాలో, ఐసు వ్యాపారమో ఉన్న ఇళ్ళే. ఏళ్ళ తరబడి ఆ గ్రౌండు చుట్టూ గానుగెద్దులా తిరిగి నాకు విసుగు పుట్టింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర బయల్దేరి, కాలవ గట్ల మీదుగా అంతర్వేది సముద్రం దాకా, వీపున సంచి వేసుకుని అందరం నడిచి వెళ్దామన్నాను. ఒకటే నవ్వు. మాలో పెద్దావిడ రాజ్యం గారు మాత్రం నవ్వలేదు. "ముందు నువ్వు నడిచి చూపించు సుభద్రా. ఎక్కడా బండెక్కకుండా వెళ్ళొస్తే మేమందరం నీ వెనకాల వస్తాం. ఒక్క ఫర్లాంగు ఆటో ఎక్కినా ఇక ఆ మాటెత్తకు" అన్నారు.

యాభై నాలుగేళ్ళ నాకు ఆ మాట రోషం తెప్పించింది. మేత దుకాణంలో కుర్చీకి అతుక్కుపోయిన మనిషి అంత దూరం నడవలేదని వాళ్ళ ధీమా. మొన్న మార్గశిరంలో, వానలు వెనకపట్టి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, మా తోడికోడలు విజయని వెంటబెట్టుకుని బయల్దేరాను. వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బయల్దేరే ముందు రాత్రి విజయ సంచి ఎత్తబోతే లేవలేదు. లోపల కందిపొడి డబ్బా, నెయ్యి సీసా, మూడు పట్టు చీరలు, నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. "దారిలో ఎవరింటికైనా వెళ్తే కట్టుకోవాలి కదక్కా" అంది. అన్నీ తీయించాను. ఇద్దరికీ తలో రెండు జతల పంజాబీ డ్రెస్సులు, రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోయేవి. మూడు జతల నూలు మేజోళ్ళు, ఒక దుప్పటి, టార్చి, పవర్ బ్యాంక్, సూదీ దారం, కొబ్బరినూనె, ఉప్పూ పంచదార పొట్లం, గొడుగు. ఒంటి బరువులో పదో వంతుకి మించి మోయకూడదని నా లెక్క. బూట్లు కొత్తవి వద్దు. నెల ముందు కొని దుకాణంలో, వంటింట్లో, పెళ్ళిళ్ళలో కూడా అవే వేసుకుని తిరిగాను. చీర కింద బూట్లు చూసి జనం ఏమనుకున్నారో నాకు అనవసరం.

మధ్యాహ్నం రైల్లో రాజమండ్రి వెళ్ళి స్టేషను దగ్గర లాడ్జిలో పడుకున్నాం. తెల్లవారుజామున ఆటోలో ధవళేశ్వరం చేరాం. నడక మొదలయ్యేది బ్యారేజీ మీద కనుక అక్కడిదాకా ఆటో తప్పు కాదు. అయిదున్నరకి బ్యారేజీ మీద తొలి అడుగు వేశాం. మంచు పట్టి అవతలి ఒడ్డు కనబడలేదు. గేట్ల కింద నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు. మా పొలాలకి, మా చెరువులకి వచ్చే నీళ్ళన్నీ ఇక్కడ ఆగి, ఇక్కడి నుంచే చీలుతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. దాని మీద కాలినడకన వెళ్తుంటే మాత్రం నా సొంత ఇంటి సింహద్వారం దాటుతున్నంత దర్జాగా అనిపించింది.

సగం దాటేసరికే మొదటి గండం వచ్చింది. స్కూటరు మీద వెళ్తున్న ఒకాయన ఆగి, "ఏవండి, బస్సు తప్పిపోయిందా? ఒకళ్ళని ఇప్పుడు దింపేసి ఇంకొకళ్ళ కోసం మళ్ళీ వస్తానండి" అన్నాడు.

"నడవాలనే నడుస్తున్నామండి."

"ఎందాకా?"

"అంతర్వేది."

ఆయన కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి, "మొక్కా అండి?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఎందుకండి?" అన్నాడు పాపం, నిజంగా అర్థంకాక.

మా గోదావరి వాళ్ళ దేశంలో నడిచేవాళ్ళకి పాముల వల్ల, కుక్కల వల్ల అంత ఇబ్బంది లేదు. చేతిలో చిన్న కర్ర ఉంటే చాలు. ఇబ్బంది అంతా మర్యాదతోనే. ఆడవాళ్ళు సంచి మోసుకుంటూ పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి ఇక్కడ ఇంకా పుట్టలేదు. మోటారు సైకిళ్ళు, ధాన్యం ట్రాక్టర్లు, అరటిగెలల వ్యాన్లు, చివరికి స్కూలు బస్సు కూడా ఆగింది. వద్దంటే నొచ్చుకుంటారు. అందుకని మొదటి రోజే ఒక పద్ధతి నేర్చుకున్నాం. "వద్దండి" అనకూడదు. "డాక్టరు గారు నడవమన్నారండి" అనాలి. డాక్టరు మాటకి మాత్రం ఎవరూ ఎదురు చెప్పరు.

బొబ్బర్లంకలో ఇడ్లీ తిని కాలవ గట్టెక్కాం. వీలున్న చోటల్లా తారు రోడ్డు వదిలి మట్టి గట్టు పట్టుకోండి. మోకాళ్ళకి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. ఆత్రేయపురంలో ఒక అరుగు మీద పూతరేకులు చుడుతున్న ఆవిడ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇచ్చి, పూతరేకులు చేతిలో పెట్టి, ఇంకో పెట్టె నా సంచిలో కూరబోయింది. బరువు అని బతిమాలితే, "కాగితం కన్నా తేలికండి ఇది" అంది. నిజమే కానీ అలాంటి తేలికలు పది కలిస్తే నడుం విరుగుతుంది. అక్కడే తినేసి లేచాం. ఎవరేమిచ్చినా కడుపులోనే మోయాలి, సంచిలో కాదు.

లొల్ల లాకుల దగ్గర చెట్ల నీడన మధ్యాహ్నం అంతా పడుకున్నాం. పదకొండు నుంచి మూడున్నర దాకా నడవకండి. పొద్దు వాలాక లేచి రావులపాలెం చేరి లాడ్జిలో దిగాం. ఆడవాళ్ళకి అసలు చిక్కు బాత్రూము. పెట్రోలు బంకులు, కల్యాణ మండపాలు, బడులు ఎక్కడెక్కడున్నాయో పొద్దున్నే అడిగి పెట్టుకుంటే సగం దిగులు తీరుతుంది. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేస్తే మాత్రం కళ్ళు తిరిగి పడిపోతారు.

రెండో రోజు కొత్తపేట దాటాక విజయ మడమకి బొబ్బ లేచింది. సూదిని కాల్చి, దారంతో గుచ్చి, నీరు తీసి, దారపు ముక్క అలాగే వదిలి గుడ్డ కట్టాను. అది కుంటుతూనే, "అక్కా, నువ్వు ఆ దుకాణంలో ఉండాల్సిన దానివి కాదు" అంది. మెచ్చుకుందో తిట్టిందో అడగలేదు. చీకటి పడేవేళకి గన్నవరం చేరి కల్యాణ మండపంలో పడుకున్నాం.

ఇక్కడే నేనొక తెలివితక్కువ పని చేశాను. కాలవని నది మీదుగా దాటించే అక్విడక్టు వంతెన తర్వాత ఓ రెండు గంటల నడకలో మా పెదనాన్న గారి అబ్బాయి, సూరిబాబు అన్నయ్య ఊరు. ఇంటి ముందు నుంచి వెళ్తూ చెప్పకపోతే బాగుండదని ఫోను చేశాను. కోనసీమలో ఎవరైనా చేసే పొరపాటే ఇది.

మూడో రోజు పొద్దున అక్విడక్టు మీద నిలబడి కింద నది, మా పక్కన కాలవ ఒకదాన్నొకటి దాటుకోవడం చూస్తుండగానే కారు వచ్చి ఆగింది. తెల్ల పంచె, లాల్చీ, అరవై ఏళ్ళ మా అన్నయ్య దిగాడు. పలకరింపు లేదు. "ఎక్కండి" అన్నాడు.

"నడిచి వస్తాం అన్నయ్యా."

"మా ఇంటి ఆడపడుచు వీపు మీద మూటేసుకుని రోడ్డు పట్టుకుని నడుస్తుంటే ఊళ్ళో మా మొహం ఎక్కడ పెట్టుకోమంటావ్? బావగారితో ఏవన్నా గొడవా?"

గొడవేం లేదని చెప్పినా నమ్మలేదు. మేం నడుస్తుంటే కారు మా వెనకే నడక వేగంతో వాళ్ళ ఇంటిదాకా వచ్చింది. వదిన వేడినీళ్ళు పెట్టి, పులస కాలం కాదని నొచ్చుకుని, ఉన్న చేపలే మూడు రకాలుగా వండింది. రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య తీర్పు చెప్పేశాడు. "రేపు కారులో గుడి ముందు దింపుతా. నడిచానని మీ వాళ్ళకి చెప్పుకో. నేనేం కాదనను."

 అన్నం పెట్టిన చేత్తోనే కాళ్ళు కట్టేస్తున్నాడు. కాదంటే అన్నని అవమానించినట్టు, అవునంటే మా పది మందిలో ఎవరూ ఇక గ్రౌండు దాటి రారు. అబద్ధం చెప్పి రాజ్యం గారి మొహం చూడడం నా వల్ల కాదు.

పొద్దున్నే వదిన నాకూ విజయకీ బొట్టు పెట్టి చీరలు ఇచ్చింది. అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. "అన్నయ్యా, నన్ను సాగనంపుతావా?" అని అడిగాను.

"అదేం మాటమ్మా? డ్రైవరు రెడీ."

"ఆడపడుచుని సాగనంపేది పొలిమేర దాకా పక్కన నడిచి కదా. పెదనాన్న మమ్మల్ని ఎప్పుడైనా బండిలో కూర్చోబెట్టి పంపించాడా? ఎంత ఎండైనా చెప్పులేసుకుని ఊరి చివరిదాకా వచ్చేవాడు."

వదిన తలుపు చాటున నవ్వింది. అన్నయ్య కాసేపు మీసం దువ్వుకుని, "పొలిమేర దాకానే" అన్నాడు. చీరలు తర్వాత కారులో భీమవరం పంపే ఒప్పందం కుదిరింది. ఆడపడుచు మోస్తుంటే తను చేతులు ఊపుకుంటూ నడవకూడదని నా గులాబీ రంగు సంచి లాక్కుని తన భుజాలకి తగిలించుకున్నాడు. లాల్చీ మీద ఆ సంచితో ఆయన వీధిలోకి వస్తుంటే విజయ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

వీధి పొడుగునా అన్నయ్య తల వంచుకునే నడిచాడు. ఊరి చివర కొబ్బరికాయలు వలిచే చోట ఒకాయన లేచి నిలబడి, "ఏవండే సూరిబాబు గారూ, ఇలా నడిచెల్తన్నారేంటండి?" అన్నాడు.

అన్నయ్య ఆగాడు.  ఆయన గొంతు సవరించుకుని, "మా చెల్లెలండి. ధవళేశ్వరం నుంచి నడిచొస్తంది" అన్నాడు.

"ధవళేశ్వరం నుంచే! అంతదూరవే!"

"ఆయ్. సముద్రం దాకా ఎల్తది. బండెక్కదు" అన్నాడు అన్నయ్య. ఆ చివరి మాటకి ఆయన తల పైకి లేచింది.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం మా తరం కాలేదు. పొలిమేర రాయి దాటినట్టు ఆయన గమనించనే లేదు. టీ కొట్టు కనిపిస్తే ఆగి చెప్పడం, పొలం గట్టు మీద ఎవరున్నా కేకేసి చెప్పడం. రెండో ఊరు వచ్చేసరికి నా వయసు అరవై అయింది, సంచి బరువు పాతిక కిలోలు అయింది. నేను సరిదిద్దలేదు. పుట్టింటివాళ్ళు మన గురించి గొప్పలు చెప్పుకుంటుంటే వినడం ఎంత బాగుంటుందో నాకు యాభై నాలుగేళ్ళకి తెలిసింది. కళ్ళు చెమర్చాయి. ఎండ అని తుడుచుకున్నాను.

తాటిపాక దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పులు పాదాలు కోసేశాయి. వెనకే వస్తున్న కారులో కూలబడి, సంచి నాకిచ్చి, "నేనెక్కానని ఊళ్ళో చెప్పకు" అన్నాడు.

ఆ రాత్రి మలికిపురంలో ఆగి, అయిదో రోజు సాయంత్రం నాలుగింటికి అంతర్వేది చేరాం. గుడిలో దణ్ణం పెట్టుకుని ఇసకలో ఇంకాస్త నడిచి, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర బూట్లు విప్పాం. అన్నయ్య ఇక్కడిదాకా వచ్చి ఉంటే బాగుండేదనిపించింది. విజయ నీళ్ళలో మడమలు పెట్టి, ఉప్పు మండుతుంటే, "వచ్చేశామక్కా, నిజంగా వచ్చేశాం" అని గట్టిగా అరిచింది. నేనూ అరిచాను. నడిచింది మేమే, ఎవరూ మోయలేదు, ఎవరూ లాగలేదు.

మర్నాడు పొద్దున సఖినేటిపల్లి రేవు దాకా కూడా నడిచే వెళ్ళి గోదావరి దాటించే పంటు ఎక్కి, బూట్లు విప్పి చేత పట్టుకుని నరసాపురంలో దిగాం. రేవులో రాజ్యం గారితో సహా మా గ్రౌండు బ్యాచ్ అంతా నిలబడి ఉంది. ఆవిడ నా మొహం చూడలేదు, వంగి కాళ్ళు చూశారు. కందిన వేళ్ళు, కట్టిన గుడ్డలు, బూట్లు ఒరిసి నల్లబడ్డ చీలమండలు. "ఎక్కడా ఎక్కలేదా?" అని అడిగారు. "లేదండి" అన్నాను. ఆవిడ నా సంచి తీసి తన వీపుకి తగిలించుకుని, పట్టీలు సరిచేసుకుని, స్టేషను దాకా నడుద్దామన్నారు.

భీమవరం రైల్లో అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఎవరికి ఏ బూట్లు, ఎవరు క్యారియర్ తేకూడదు. మన నేల మన కాళ్ళ కింద ఇంత పొడుగ్గా, ఇంత మెత్తగా ఉందని, దాని మీద నడిచే హక్కు మనకి ఉందని వాళ్ళకి చెప్పాలనుకున్నాను. ఈలోగా అన్నయ్య ఫోను వచ్చింది. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను. పాదాలకి పసుపు పట్టు వేయించుకుని మంచం మీద ఉన్నాడట.

"మీ బ్యాచ్ ఎప్పుడొస్తంది?" అని అడిగాడు.

"వచ్చే నెల అన్నయ్యా. కానీ నువ్వు కారు తేకూడదు."

"కారెందుకే? గన్నవరం దాకా ఎదురొస్తా. బూట్లు కొనుక్కున్నాను."