హోర్డింగు మీది అబ్బాయి

కాలేజీ ఫోన్ల గదిలో అతన్ని అందరూ హోర్డింగు అనే పిలుస్తారు. "హోర్డింగూ, ఆ నీళ్ళ సీసా ఇటియ్యి", "హోర్డింగూ, డైరెక్టరుగారు రమ్మంటున్నారు." ఆ పేరు ఊరికే రాలేదు. బస్టాండు ఎదురుగా మేడ మీద, కోటూ టై వేసుకుని, చేతులు కట్టుకుని, మబ్బుల వైపు చూసి నవ్వుతున్న అంత పెద్ద బొమ్మ అతనిదే మరి. కింద బారెడేసి అక్షరాలు: "అడ్వర్టైజింగు, పబ్లిక్ రిలేషన్సు డిగ్రీ. నిన్నటి మా విద్యార్థి, నేటి పీఆర్ ఆఫీసరు!" ఆ కోటు ఫోటో స్టూడియోవాడిది. వదులైపోతే వీపు వైపు బట్టల క్లిప్పులు పెట్టి బిగించారు. ముందు నుంచి చూస్తే మాత్రం, అబ్బో, దొరబాబే!

ఇక ఆ ఆఫీసరు ఉద్యోగం సంగతి చెప్పాలి. చదువు అయ్యాక అతను చెప్పులరిగేలా తిరిగాడు. ఏ గుమ్మం ఎక్కినా "అనుభవం ఉందా?" అన్నవాళ్ళే. ఎవడో ఒకడు ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది! అతనితో చదివినవాళ్ళలో బాగుపడ్డవాళ్ళు అసలు లేరని కాదు. ఒకమ్మాయి బుర్రున్న పిల్ల, తన కాళ్ళమీద తనే పైకొచ్చింది. ఇంకొకడికి మేనమామదే యాడ్ కంపెనీ. వాడి జీతం ముందు మిగతావాళ్ళ జీతాలన్నీ కలిపినా తక్కువే. కాలేజీవాళ్ళు దాన్ని కూడా కలిపి, సగటు తీసి, కరపత్రం మీద అచ్చేసుకున్నారు. ఏనుగునీ పది ఎలుకల్నీ ఒకే కాటాలో తూచి, మా ఎలుక ఒక్కోటీ గేదంత ఉంటుందని చెప్పడమన్నమాట.

మరి ఉద్యోగం రానివాళ్ళ మాటేమిటి? దానికీ ఆ కాలేజీ దగ్గర మందుంది. ఖాళీగా ఉన్న పాత విద్యార్థుల్ని పిలిచి, కాంట్రాక్టు మీద ఫోన్ల గదిలో కూర్చోబెడతారు. ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో లెక్క పైకి పంపే నెలలు దాటాయా, సంచీ సర్దుకోమంటారు. ఆ నాలుగు రోజులూ వాళ్ళు "ప్రముఖ విద్యాసంస్థలో ఉద్యోగులు". చేసే పనేమిటయ్యా అంటే, బడి చదువు ముగిసిన పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేసి, ఇదే డిగ్రీలో చేరమని చెప్పడం! చదివినందుకు దొరికిన కొలువు, ఆ చదువునే ఇంకొకడికి అంటగట్టడం. హోర్డింగుది మెత్తని గొంతు, మాట్లాడితే ఎదుటివాడికి తమ్ముడో కొడుకో మాట్లాడినట్టుంటుంది. అందుకని అతన్ని మాత్రం పంపెయ్యలేదు. మూడేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

ఇంట్లో ఇవేమీ చెప్పలేదు. మొదటి రోజే చెప్పేస్తే పోయేది. కానీ అమ్మ గుమ్మంలో నిలబడి, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ "మావాడు ఆఫీసరండీ" అంటుంటే నోరు పెగల్లేదు. పైగా జీతం పెంచి చెప్పి కూర్చున్నాడు. ఆ తేడా ఎక్కడినుంచో పట్టుకురావాలిగా! తెల్లారగట్లే లేచి, బూట్లు తొడుక్కుని, "జాగింగుకి వెళ్ళొస్తానమ్మా" అని బయటపడి, పేపర్ల డిపోలో నేలమీద కూర్చుని దినపత్రికల మధ్య కరపత్రాలు దూర్చేవాడు. "అంత పరుగెత్తి వస్తావు, చెమట చుక్క ఉండదు. వేళ్ళకి ఆ మసేమిట్రా?" అని అమ్మ అడిగితే, తేలు కుట్టిన దొంగలా స్నానాల గదిలోకి దూరేవాడు. అద్దంలో తన మొహం తనే చూసుకోలేకపోయేవాడు పాపం.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం కాలేజీ వరండాలో పిన్ని ఊడిపడింది. అమ్మకి స్వయానా చెల్లెలు. టైలరింగు షాపు పెట్టుకుని ఒంటిచేత్తో సంసారం ఈదుతున్న మనిషి. వెనకాల ఆమె కూతురు.

"ఏరా ఆఫీసరూ! చెప్పకుండా వచ్చి హడలగొట్టామా?" అంది పిన్ని మొహమంతా నవ్వుతో. "నీ చెల్లెల్ని కూడా నీ చదువులోనే వేసేస్తున్నా. నువ్వో మాట చెప్పి ఫీజు కాస్త తగ్గించి పెట్టు."

"ఫీజంటే... ఎలా పిన్నీ?"

"ఎంబ్రాయిడరీ మిషను బేరం పెట్టేశాలే. కొనేవాడు సాయంత్రం వస్తాడు. పోతే పోయింది వెధవ మిషను! ఇది నీ అంతదైతే అలాంటివి పది కొనిపెట్టదూ?"

అతని నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. షాపు అద్దె, ఇంటి ఖర్చు, ఈ పిల్ల పుస్తకాలు, అన్నీ ఆ మిషను సూది కిందనుంచి వచ్చినవే. అది పోతే పిన్ని మళ్ళీ పాత ప్యాంట్లకి జిప్పులు మారుస్తూ కూర్చోవాలి.

"నీకు ఈ చదువు ఇష్టమేనా?" అని చెల్లెల్ని అడిగాడు.

"నేను అకౌంట్లు చదువుదామనుకున్నా అన్నయ్యా. అమ్మే, బస్టాండు దగ్గర నీ బొమ్మ చూపించి..." అని ఆ పిల్ల నసిగింది.

అతను ఇద్దర్నీ మెట్ల పక్కకి తీసుకెళ్ళాడు. "పిన్నీ, వద్దు. చేర్పించకు. ఈ చదువుకి నువ్వనుకునే డబ్బు రాదు. నేను ఆఫీసర్నీ కాదు, గీఫీసర్నీ కాదు. ఫోన్లు చేసుకునేవాణ్ణి."

పిన్ని నవ్వు ఆరిపోయింది. అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఓహో, అదా సంగతి! నా కూతురు నీ పక్కకొస్తే నీ గొప్ప తగ్గిపోతుందనా?"

"అయ్యో, కాదు పిన్నీ, ఒట్టు!"

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఆ కోటు అబద్ధమా? అంత బొమ్మ అబద్ధమా? మా అక్క నాతో అబద్ధాలాడుతుందా? నీ బడి బట్టలన్నీ ఈ చేతుల్తో కుట్టాను కదరా! ఇంత కడుపుమంట ఎక్కడ దాచుకున్నావు?"

వరండాలో నలుగురూ తిరిగి చూశారు. అతనికి తల కొట్టేసినట్టయింది. అబద్ధం చెప్పినప్పుడు ఊరంతా నమ్మింది. నిజం చెబితే ఎత్తుకు పెంచిన పిన్ని నమ్మడంలేదు. ఎవరిని ఏమని లాభం?

"సరే, రండి. నా ఆఫీసు చూద్దురుగాని" అన్నాడు.

కిటికీ లేని గది. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసేవాళ్ళు అందులో. ఇప్పుడు వరసగా కుర్చీలు, కంప్యూటర్లు, చెవి దగ్గర స్పాంజి ఊడిపోయిన హెడ్‌ఫోన్లు. భోజనాల వేళ, ఎవరూ లేరు. గోడ పక్క కుర్చీ చూపించి, "ఇదే పిన్నీ నా సీటు" అన్నాడు. పిన్ని ఇంకా మూతి బిగించుకునే ఉంది. అతను స్పీకరు పెట్టి మీట నొక్కాడు. కంప్యూటరు తనంతట తనే ఏదో నంబరు కలిపింది. ఎవరో ఒకావిడ ఎత్తింది.

"నమస్తే అమ్మా! మీ అబ్బాయి మంచి మార్కులతో పాసయ్యాడని తెలిసింది, చాలా సంతోషం. నేను కాలేజీ పీఆర్ ఆఫీసర్నమ్మా. నేనూ ఇక్కడే చదివాను. మాదీ మామూలు ఇల్లే. ఇవాళ మా అమ్మని కాలు మీద కాలేసుకుని కూర్చోమన్నాను."

పిన్ని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వారం కిందట ఈ కాలేజీ నుంచే ఎవరో అమ్మాయి ఫోన్లో ఆమెతో అన్న మాటలు ఇవే. "మాదీ మామూలు ఇల్లే" అన్న దగ్గరే కదా ఆమె కరిగి నీరైపోయింది.

పిన్నికి తెలిసిపోయింది. అక్కడితో అతను ఫోన్ పెట్టేయాల్సింది. కానీ అలవాటైన నోరు! ఆవిడ "నిజంగా ఉద్యోగం వస్తుందా బాబూ? నేను ఇస్త్రీ చేసుకు బతికేదాన్ని, మాకు తెలీదు" అనగానే, నూనె పూసిన గచ్చు మీద కాలు జారినట్టు అతని మాట జారిపోయింది.

"నన్నే చూడండమ్మా. బస్టాండు దగ్గర బొమ్మ ఉంది చూశారా? అది నేనే."

"అయ్యో, అది మీరా బాబూ! రోజూ చూస్తాను! మెళ్ళో గొలుసుంది, తాకట్టు పెట్టేస్తా. రేపు పొద్దున్నే వాణ్ణి తీసుకొస్తాను."

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. అలవాటు కొద్దీ అతని వేళ్ళు తెర మీద "రేపు వస్తారు" అని కొట్టేశాయి.

"నిజమే చెప్పావు నాయనా. నోటికొచ్చినట్టు అనేశాను, మనసులో పెట్టుకోకు. మిషను అమ్మను" అంది పిన్ని. చెల్లెలు గట్టిగా ఊపిరి వదిలింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మంచి పని చేశాననుకున్నాడు.

"మరి ఆవిడ?" అంది పిన్ని.

"ఎవరు?"

"ఇప్పుడు మాట్లాడావే, ఆవిడ. మళ్ళీ ఫోన్ చెయ్యి. నాతో చెప్పిందే ఆవిడకీ చెప్పు."

అంతలో గది మేనేజరు టీ కప్పుతో లోపలికొచ్చాడు. తెర మీదికి తొంగిచూసి, "రేపు వస్తానందా? భేష్ హోర్డింగూ!" అని వెనకాలే నిలబడ్డాడు. అతను నంబరు కలిపాడు.

"బాబూ, మీరేనా!" ఆవిడ గొంతులో సంబరం ఆగడంలేదు. "ఇప్పుడే మావాడికి చెప్పాను, ఎగిరి గంతేశాడు. ఏమైనా మర్చిపోయారా?"

ఒక పక్క పిన్ని చూస్తోంది. ఇంకో పక్క మేనేజరు టీ ఊదుకుంటున్నాడు. చెబితే ఈ పూటతో కుర్చీ ఊడుతుంది, రాత్రికి అమ్మకి అంతా చెప్పాల్సొస్తుంది. గొంతు దాకా వచ్చింది మాట. మింగేశాడు.

"ఏం లేదమ్మా... వచ్చేటప్పుడు అబ్బాయి ఫోటోలు తెచ్చుకోండి. అది చెబుదామనే."

"అలాగే బాబూ. చల్లగా ఉండండి."

పిన్ని కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. "పిన్నీ" అంటూ అతను గుమ్మం దాకా వెంట వెళ్ళాడు. ఆమె ఆగలేదు. చెల్లెలు మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి, అతని మొహం చూడలేక తల దించుకుని వెళ్ళిపోయింది.