నాలుగు మడతల గుర్రం

బొమ్మల ఫ్యాక్టరీలో వంకల మేస్త్రికి ఒకటే జబ్బు. ప్లాస్టిక్ గుర్రాలనూ, వాటి మీద కూర్చున్న సైనికులనూ, ఎదురుగా మనుషులే నిలబడ్డట్టు తిట్టడం. తనిఖీ బల్ల మీద ఒక గాజుపలక, ఒక టార్చిలైటు, నోటి నిండా తిట్లు. ఇరవై ఏళ్లుగా ఆయన సామగ్రి ఇంతే.

"ఇది గుర్రమా, గుర్రం వేషం కట్టిన మేకా? ఏమయ్యా సైనికుడా, యుద్ధానికి బయల్దేరావా, బస్సులో కునుకు తీస్తున్నావా? ఆ కత్తితో వెన్న కూడా తెగదు!"

గుర్రాన్ని పలక మీద నిలబెట్టి, బల్లను వేలితో మూడుసార్లు కొట్టేవాడు. ఊగిందో, ట్రేలోని చీటీ తీసి, మడిచి, పొట్టికాలి కింద దూర్చేవాడు. "ఒక మడత వంకర", "రెండు మడతల వంకర" - అదీ ఆయన కొలత. తర్వాత గుర్రమూ చీటీ కలిసి తుక్కుడబ్బాలోకి. ఆ ట్రే ఏ మిషన్ నుంచి వచ్చిందో రాసి ఉండేది ఆ చీటీ మీదే.

"స్కేలు కొనిచ్చి నాలుగేళ్లయింది. దాంతో వీపు గోక్కుంటున్నాడు!" అని సూపర్‌వైజరు తల బాదుకునేవాడు.

మూడో మిషన్ నడిపే ఆవిడకైతే ఆయన పేరెత్తితేనే ఒళ్లుమంట. "గుడ్డిగుర్రానికి పళ్లు తోముతూ జీతం తీసుకునేది లోకంలో ఈయనొక్కడే!" అనేది.

అలాంటి ఆవిడే ఒక సోమవారం ఆయన చేతికి చిక్కింది. శనివారం కొడుక్కి జ్వరమని తనిఖీ గదికి ఫోనొస్తే, త్వరగా పని ముగించాలన్న ఆత్రంలో ప్లాస్టిక్ చల్లారకముందే అచ్చు తెరిచేసింది. రెండొందల గుర్రాలు మెత్తమెత్తగా బయటికొచ్చి, చల్లారేసరికి కాళ్లు తలో దిక్కుకీ తిప్పుకున్నాయి.

ఆమె కొత్త ట్రే పట్టుకుని తనిఖీ గది గుమ్మంలోకి వచ్చేసరికి లోపల ఓనరున్నాడు.

"ఇది ఎవరి పనో చెప్పండి మేస్త్రీ. ఇవాళే ఇంటికి పంపించేస్తాను."

ఆమె ట్రేతో గుమ్మం పక్కకి తప్పుకుంది. మేస్త్రి ఒక గుర్రాన్ని పలక మీద పెట్టాడు. అది వెంటనే పడుకుంది.

"లే! సిగ్గులేదూ? నాలుగు కాళ్లిస్తే ఒక్కటీ నేలకు ఆనించవా? నీ మీద కూర్చున్న వీడికైనా బుద్ధుండక్కర్లేదా?"

"గుర్రాన్ని తర్వాత తిడుదురుగాని, చీటీ ఏదీ?"

"నాలుగు మడతలేసినా చాల్లేదండీ దీని కాళ్లకి. చించి తలో ముక్కా పెట్టా. తుక్కులో పోయింది."

"ఇరవై ఏళ్లలో ఒక్క చీటీ అయినా మిగిల్చారా?"

"గుర్రాలు తిన్నగా ఉంటే మిగిలేవి!"

ఓనరు విసవిసా వెళ్లిపోయాడు. అప్పుడు తట్టింది ఆవిడకు. ఇన్నేళ్లలో ఈయన బల్ల దగ్గర ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. తిట్లన్నీ గుర్రాలే తిన్నాయి.

"మేస్త్రిగారూ..."

ఆయన తలెత్తలేదు. పడుకున్న గుర్రాన్నే కసిరాడు. "నిన్ను పుట్టించినావిడతో చెప్పు. అచ్చు తెరిచేముందు పదిహేను లెక్కపెట్టమను. పిల్లాడికి బాగాలేకపోతే సెలవడగాలి గానీ, నీ కాళ్లు విరగ్గొడితే జ్వరం తగ్గుతుందా?"

ఆమె కళ్లు తుడుచుకుని, తన ట్రేలోంచి ఒక గుర్రాన్ని తీసి పలక మీద నిలబెట్టింది. "ఏమే గుర్రం, నీకు ఇరవై లెక్కపెట్టానని ఆయనతో చెప్పు."

మేస్త్రి మూడుసార్లు కొట్టాడు. ఊగలేదు. టార్చి వేసి ముందూ వెనకా వెతికాడు. పాపం, ఏమీ దొరకలేదు.

"నిలబడితే సరా? ఆ మొహం చూడు, ఆముదం తాగినట్టు!" అంటూ, చీటీని ఒక్క మడతైనా పడకుండా తీసి దాని పక్కన పెట్టాడు.