స్నోమొబైల్‌కి వేసిన గట్టి స్ప్రింగ్

పోయిన చలికాలం జర్మనీలోని ఇల్మెనౌలో మా స్టూడెంట్ క్లబ్బు వాళ్ల పాత స్నోమొబైల్ నా చేతికొచ్చింది. మంచు మీద కదలగానే దూసుకెళ్లాలని ఎవరికీ చెప్పకుండా క్లచ్‌లో గట్టి స్ప్రింగ్ వేశాను; అది ఉంటే ఇంజిన్ బాగా వేగం అందుకున్నాకే క్లచ్ పట్టి బండి కదులుతుంది. వెనక కూర్చున్న నా రూమ్మేట్ కిరణ్ "మెల్లగ పోనియ్‌రా" అంటున్నా వినకుండా యాక్సిలరేటర్ నొక్కాను. ఇంజిన్ అరిచిందే గానీ బండి కదల్లేదు. ఇంకా నొక్కాను. ఒక్కసారిగా ముందుకు దూకింది. కిరణ్ వెనక్కి ఎగిరి పడ్డాడు. నేను దిగి, ముందు క్లచ్ మూత తీసి బెల్టు తెగిందేమోనని చూశాను.

"బండికేం కాలే కదరా?" తన చెయ్యి తనే పట్టుకుని మంచులోంచి అడిగాడు కిరణ్.

"ఏం కాలేదురా, సూపర్‌గా లాగింది!" అన్నాను సంబరంగా.

వాడి మణికట్టు విరిగింది. నా సంబరం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.