మూడు టవర్ల కింద రెండు నంబర్లు

దమ్మపేట అవతల అడవి ఊళ్లలో నేను నర్సుగా తిరుగుతున్న రోజులవి. మా వైపు సెల్ టవర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. సంత రోజైతే తల్లులంతా ఒకచోట దొరుకుతారని, పిల్లలకు టీకాలు అక్కడే వేసేదాన్ని. ఎప్పుడూ ఒకే ఆటోలో వెళ్లేదాన్ని. అది నడిపే అతన్ని అన్నా అని పిలిచేదాన్ని. వాగు పొంగిన రోజు టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని, నన్ను చెయ్యి పట్టి దాటించిన మనిషి.

ఆ ఎండాకాలం మూడు సంతల్లో ఆడవాళ్ల పుస్తెలతాళ్లు తెంపుకుపోయారు. తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను స్టేషన్‌కు రమ్మన్నారు. వెళ్లేసరికి అన్న బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే కానిస్టేబుల్ భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఎస్సై కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. దొంగతనాలు జరిగిన సమయంలో ఆ మూడు సంతల దగ్గరి టవర్ల కింద ఉన్న ఫోన్లన్నీ అందులో ఎక్కించారట. వేల నంబర్లలో మూడు చోట్లా కనబడ్డవి రెండే. ఒకటి నాది, ఇంకోటి అన్న ఫోన్‌ది. టీకాల రిజిస్టర్ తీసి ముందు పెట్టాను. తేదీలు, తల్లుల వేలిముద్రలు చూసుకుని ఆయన నా నంబర్ కొట్టేశాడు.

"ఇగ రెండోది. ఆయన పొద్దంత మీతోనే ఉన్నడా సిస్టర్?"

అవునంటే ఇద్దరం ఇంటికి పోతాం. కానీ మూడో సంతనాడు అన్న నన్ను దింపి వెళ్లి, గంట తర్వాత వచ్చాడు. ఎక్కడికి పోయాడో నేను అడగలేదు. బెంచీ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"రెండు సంతలల్ల ఉన్నడు సార్. మూడోనాడు గంటసేపు లేడు."

నాలుగు రోజులు అతన్ని ఇంటికి పంపలేదు. ఆ గంటలో టైరు పంక్చరైందని అన్న మొదటిరోజే చెప్పాడట. పంక్చర్ షాపతను ఊరెళ్లాడు. ఆ షాపతను తిరిగొచ్చి అవునన్నాకే అన్నను వదిలారు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. అన్న ఎడమకాలు కింద మోపలేకపోతున్నాడు. అతని భార్య నాకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. తప్పు నాదేనని ఏదో అనబోయాను.

"మీరు ఉన్నదే చెప్పిన్రు సిస్టర్," అన్నాడు. "గని చెప్పే ముందు ఒక్కపాలి నా దిక్కు చూసుంటే బాగుండు."

నెల తర్వాత అసలు దొంగలు దొరికారు. సంతకు వచ్చేటప్పుడు వాళ్లు ఫోన్లు ఇంట్లోనే పెట్టి వచ్చేవాళ్లట. ఆ సంగతి నేను బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. అప్పటికే సంతలకు బస్సులో వెళ్తున్నాను. ఆటో రమ్మని అన్నకు ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లలేదు.