ఆనపబుర్రలో పిక్కలు

అరకు లోయ మొత్తంలో వీడియో గేమ్ ఆడటంలో నన్ను మించినవాడు లేడు. నేను బిళ్ళ వేస్తే విశాఖ నుంచి వచ్చిన టూరిస్టులు రైలు టైము మరిచిపోయి నా వెనక నిలబడిపోయేవారు. మనవలకి ఏళ్ళ తరబడి ఈ కథే చెబుతున్నాను. దాని అడుగున ఇంకో సంగతి దాచాను. గుండె మీద రోలు పెట్టినట్టుంటుంది. మీకు చెప్పేస్తాను.

ముందు ఆ గొప్ప సంగతి. ఎవరూ నిలబడలేదు. ఆటలో రెండో మెట్టు నేనెప్పుడూ దాటలేదు.

తొంభైల చివర బస్టాండు వెనక రేకుల కొట్లో ఆ మిషన్ పెట్టారు. రెండు రూపాయల బిళ్ళకి ఒక ఆట. అప్పటికే నాకు పెళ్ళీడు కూతురుంది. సిగ్గుండాలా, వద్దా? మా ఆవిడ చిలకమ్మ కొండవాలులో పండించిన రాజ్మా పిక్కలు సంతలో శెట్టికి అమ్మి, ఆ డబ్బు తేవడం నా పని. ఇంటి కప్పుకి రేకులు కొనాలని ఆమె ఆశ. నేను దారిలో ఆ కొట్టు దగ్గర ఆగేవాణ్ణి.

ఎంత తగలేస్తున్నానో తెలియాలని ఒక ఉపాయం పన్నాను. ఆటకొక పిక్క, అంబలి మోసుకెళ్ళే ఆనపబుర్రలో. బుర్ర నిండిననాడు మానేస్తానని ఒట్టు. లెక్క పెట్టుకుంటున్నాను కాబట్టి నేను చెడిపోలేదనుకున్నాను. ఎంత తెలివి!

డబ్బు తక్కువేమని చిలకమ్మ అడిగింది. "శెట్టి తూకంలో నొక్కేశాడు" అన్నాను. అంతే. నోటికి వచ్చిన మొదటి మాట. మరుసటి సంతకి ఆమె నా వెంటే వచ్చింది.

"ఏటి శెట్టీ, కొండోల్లకి లెక్క రాదనుకున్నావా? నీ తక్కెడ మీద పిడుగు పడా!"

"అమ్మా, తక్కెడ నువ్వే పట్టు. నువ్వే తూసుకో" అన్నాడు శెట్టి. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు బావూ. నానెప్పుడైనా తగ్గించి ఇచ్చినానా?"

నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను.

ఆ రోజు నుంచి మా ఊరివాళ్ళెవరూ అతనికి సరుకు వెయ్యలేదు. కొన్నాళ్ళు ఖాళీ తక్కెడ ముందు కూర్చున్నాడు. తర్వాత సంతకి రావడం మానేశాడు. ఏమైపోయాడో ఇప్పటికీ తెలియదు.

బుర్ర నిండింది. అటక మీద దాచాను. తొలకరికి చిలకమ్మ కంటపడింది. విత్తనం దాచాననుకుంది! "మావోడు ఇత్తనాలు దాసినాడు సూడండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పి, మురిసిపోతూ నాటింది. మొక్కలు మొలిచాయి. వాలంతా పూత. ఒక్కో మొక్కా నేను ఓడిన ఒక్కో ఆట. కలుపు తీస్తూ వాటి మధ్య వంగినప్పుడల్లా శెట్టి అడిగిన మాటే వినిపించేది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆమె మెచ్చుకోలు తియ్యగా ఉంది మరి.

అదీ సంగతి. ఒక్క బుర్రెడు పిక్కలు, ఒక మనిషి పరువు. క్షమించమని అడగడానికి శెట్టి లేడు. రాసేశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

చిలకమ్మకి చదువు రాదు. ఇదంతా ఆమెకి పైకి చదివి వినిపించాను. చేటలో పిక్కలు ఏరుతూ చివరిదాకా విన్నది. తల ఎత్తలేదు.

"ఒక్కటి కాదు. అటక మీద బుర్రలు రెండు. రెండోది ఆ వానల్లో తిండి నేక వండీసినాను. నువ్వూ తిన్నావు. ఇంకాస్త ఎయ్యమన్నావు."